మూడో నీళ్ళు

మంగళవారం

గోడ బాగుంది. తలుపు బాగుంది. గాలి బాగుంది. మా ఆయన ఒక్కడే బాగోలేడు.

ప్రెషర్ ఆఫీసు వారికి, చింతసందు నడిమి గూడు నుంచి భ్రమరాంబ చెబుతున్న రోజువారీ గోడ రిపోర్టు ఇది. మీరెవరూ నా మాటలు వినరని నాకు తెలుసు. కొత్తలంకలో ప్రతి ఇల్లాలూ రోజూ ఈ గోడచెవి దగ్గర నిలబడి తన గోడ ఎలా ఉందో చెప్పాలని రూలు పెట్టారు. అవతల మీ మెషిను మాత్రం ఒకటి రెండు మాటల కోసమే చూస్తుందట. ఆ మాటలేమిటో ఇప్పుడు అనను. అన్నానంటే గోడకి అంటించే టేపు చుట్టలు పట్టుకుని పరుగెత్తుకొస్తారు. మిగతాదంతా గాలిలో కలిసిపోతుంది. మంచిదే. మొగుణ్ణి ఆడిపోసుకోవడానికి ఇంతకంటే నమ్మకమైన చోటు అంగారకుడి మీద ఇంకొకటి లేదు.

మా ఆయన పేరు అబ్బులు. ఊరికి గాలి పంపే గొట్టాల్లో ఫిల్టర్లు దులుపుతాడు. ఇవాళ షిఫ్టు దిగి వస్తూనే వాళ్ళ నాన్న ఫోటో తీశాడు. మామగారు కుర్రతనంలో భూమి మీద, గోదావరిలో మోకాలి లోతున నిలబడి తీయించుకున్న ఫోటో అది.

"మంచానికి ఎదర గోడకి తగిలిస్తానే. పొద్దున్న లేవగానే నాన్న మొహం కనపడాలి" అన్నాడు.

"ఆయన బతికున్నన్నాళ్ళూ ఆ మొహం చూడలేకే కదండీ మీరు రాత్రి షిఫ్టు వేయించుకున్నారు" అన్నాను.

అలిగి అన్నం తినకుండా పడుకున్నాడు. మేకు కొట్టడానికి డ్రిల్లు మెషిను అడిగి తెస్తాడట. గోడకి బెజ్జం పెడితే మీరు ఊరుకోరని చెప్పాను. మూరెడు లోతు వరకూ గోడ ఇంటివాళ్ళదేనని ఊరి కట్టడిలో రాసుందట, నాకే తిరిగి పాఠం చెప్పాడు.

శుక్రవారం

గోడ బాగుంది. గాలి బాగుంది. ఇవాళ తలంటు.

ఈ వారం ముందు వంతు నూకరత్నానిది. ఆవిడ నా నీళ్ళజత. ఎదురు గూట్లోనే ఉంటుంది, బయట తిరిగే మనుషుల సూట్లకు కుట్లు వేస్తుంది. ఇద్దరం ఒకే ఏడు ఈ సందుకి కాపురానికి వచ్చాం. వాళ్ళాయన పోయినప్పుడు నేను అక్కడే పడుకున్నాను. నాకు జ్వరమొస్తే ఆవిడ వచ్చి మా ఆయన్ని బయటికి తోలేసి నన్ను చూసుకుంటుంది.

మా ఊళ్ళో తలంటు ఒక్కరే పోసుకోవడం ఎక్కడా ఉండదు. ఒక బకెట్టు నీళ్ళకి ఇద్దరు. ముందు వంతు మనిషి కొత్త నీళ్ళు పోసుకుంటుంది. ఆ నీళ్ళు కింద తొట్టిలో పడతాయి. గుడ్డలో వడకట్టి రెండో మనిషి నెత్తిన పోసుకుంటుంది. పై వారం వంతులు మారతాయి. మిగిలింది నేను పనిచేసే ఊరి తోటకి పోతుంది. తోబుట్టువులతోనైనా మాట పట్టింపులు ఉంటాయిగానీ నీళ్ళజతతో ఉండవు. ఒకరి తల మురికి ఒకరు నెత్తిన పోసుకున్నాక ఇంకా దాచుకోవడానికి ఏముంటుంది?

"ఏంటే నీ తల? దారం ముక్కలన్నీ నా నెత్తి మీదకే వచ్చేయి" అన్నాను.

"పోయినవారం నేను పోసుకున్న నీళ్ళు మర్చిపోయేవేంటే! తోటలో మట్టి సగం అందులోనే ఉంది. రెండు బచ్చలి విత్తనాలు కూడా దొరికేయి. దాచేను, కావాలంటే చూపిస్తాను" అంది నూకరత్నం.

నేను తీసుకెళ్ళిన పులుసు నాలిక మీద వేసుకుని మొహం అష్టవంకరలు తిప్పింది. "ఇదేం పులుసే భ్రమరా? ఉప్పు లేదు, పులుపు లేదు. అబ్బులు దీన్ని ఎలా తింటన్నాడో, పాపం దేవుడులాంటోడు." ఇలా అంటూనే గిన్నె ఖాళీ చేసింది.

మామిడిసందులో ఒక జత చెడిందని కబురు చెప్పింది. చెడితే తిట్టుకోరు. విడినీళ్ళు పంపుతారు. డబ్బాలో కొత్త నీళ్ళు పోసి, మూతికి తాడు కట్టి, రెండోవాళ్ళ గుమ్మంలో పెట్టిస్తారు. నీ నీళ్ళు వేరు, నా నీళ్ళు వేరు అని అర్థం. అవతలి మనిషి వచ్చి "నీళ్ళు ముట్టాయండి" అని ఒక్క మాట చెప్పి వెళ్ళిపోతుంది. అంతటితో సరి.

"నాకెవరైనా అలా పంపిస్తే ఆ డబ్బా ఆళ్ళ నెత్తినే కుమ్మరిస్తాను" అంది నూకరత్నం.

"నీకెవరు పంపిస్తారే, నీ నోటికి భయపడి చావరూ" అన్నాను.

శనివారం

గోడకి చెమ్మ. మా ఆయన పెట్టిన బెజ్జంలోంచి చెమ్మ. మళ్ళీ చెబుతున్నాను, చెమ్మ, చెమ్మ, చెమ్మ! తొందరగా రండి. మామగారి ఫోటో తడిసిపోతోంది.

మంగళవారం

గోడ సంగతి మీకే బాగా తెలుసు. మూడు రోజులుగా మీవాళ్ళు మా ఇంట్లోనే కాపురం ఉన్నారు.

అది గాలి పోయే చీలిక కాదట. మంచు. గోడ వెనక రాతిలో మంచుపొర ఉందట. తీసినకొద్దీ వెనకనుంచి జరిగి వస్తోందట. ఊరి కట్టడి ప్రకారం గోడలో మూరెడు లోతు వరకు దొరికింది ఇంటివాళ్ళది, ఆ తర్వాతది ఊరుమ్మడి. ఆ కట్టడి రాసిన పెద్దలు గోడలో రాయి తప్ప ఏముంటుందిలే అనుకుని ఉంటారు.

మూర కొలవడానికి పంచాయతీ ప్రెసిడెంటు రామభద్రరాజుగారు స్వయంగా వచ్చారు. ఆయనది పొట్టి చెయ్యి. తన చెయ్యి ఒకసారి చూసుకుని, మా ఆయన మొహం ఒకసారి చూసి, ఊళ్ళోకల్లా పొడుగాటి మనిషిని పిలిపించి కొలిపించారు. మంచు మూరెడు లోపే ఉందని తేలింది. "అబ్బులుగారూ, అదృష్టవంతులండీ మీరు" అన్నారు. నిన్నటిదాకా ఆయన నోట మా ఆయన "ఒరే ఫిల్టరూ".

ఇన్నాళ్ళూ గ్లాసు నీళ్ళు ఇద్దరం పంచుకుని తాగిన వాళ్ళం, ఇప్పుడు ఊరు మొత్తానికి నీళ్ళు పోయగల వాళ్ళమయ్యాం. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఎదురు గూటికి పరుగెత్తి నూకరత్నాన్ని కావలించుకున్నాను.

"వదలవే, సూది గుచ్చుకుంటాది" అంది. ఆవిడ కళ్ళల్లో కూడా సంతోషమే చూశాను. ఈ మాట గుర్తుంచుకోండి.

శుక్రవారం

గోడ బాగుంది. గోడకి పూలదండ కూడా వేశారు.

తలంటుకి నూకరత్నం వచ్చింది. ఈసారి వంతుల గొడవ లేదు. చెరో బకెట్టు కొత్త నీళ్ళు. ఆవిడ ఆ మూల, నేను ఈ మూల. పని ఇట్టే అయిపోయింది. దారం ముక్కలు లేవు, మట్టి లేదు, తిట్టుకోవడానికి ఏమీ దొరకలేదు. తల తుడుచుకుంటూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"బావుందే" అంది నూకరత్నం.

"బావుంది" అన్నాను.

అంతే. ఆవిడ వెళ్ళిపోయింది. అప్పుడు నాకేమీ అనిపించలేదు. తల తేలిగ్గా ఉందని మురిసిపోయాను.

ఆదివారం

గోడ బాగుంది. ఇంట్లో నిలబడడానికి చోటు లేదు.

మా ఆడపడుచు చిట్టెమ్మ వదిన అవతలి బిలంలో ఉన్న ఊరి నుంచి దిగింది. మా పెళ్ళిలో మొదటి బంతిలో కూర్చోబెట్టలేదని అలిగి వెళ్ళిన మనిషి, ఇన్నేళ్ళకి ఖాళీ డబ్బాలతో తిరిగొచ్చింది. "తమ్ముడూ, నిన్ను చూడక నా ప్రాణం కొట్టుకుపోతోందిరా" అంటూ బావురుమంది. ఆ ఏడుపులో ఒక్క చుక్క కూడా కింద పడనివ్వలేదు, పొదుపుగా కొంగుతో ఒత్తుకుంది.

మా ఆయన పాత గాలి ట్యాంకు ఒకటి నిలువునా కోయించి తొట్టి చేయించాడు. పొద్దున్న అందులో దిగితే మళ్ళీ అన్నానికే లేవడం. వచ్చినవాళ్ళతో తొట్టిలోంచే మాట్లాడుతున్నాడు. నానినానీ వేళ్ళు ముడతలు పడ్డాయి. ఆ ముడతలు చూసి కూడా "ఎంత హుందాగా ఉన్నాయండీ చేతులు" అన్నవాళ్ళున్నారు. ఆయన నిజమేననుకుని ఒకటికి రెండుసార్లు చేతులు తిప్పి చూసుకున్నాడు.

నన్ను మాత్రం తక్కువ చేశారా? ఇవాళ నేను తుమ్మితే "మా అమ్మగారి తుమ్ము ఎంత నిండుగా ఉందో" అన్నారు. నేనేదో మామూలు మాట అంటాను, అందరూ పొట్ట పట్టుకుని నవ్వుతారు. మొదట్లో నాకే ఆశ్చర్యమేసింది. తర్వాత నాలో ఇంత చమత్కారం ఉందని ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదేమిటా అనుకున్నాను. నూకరత్నం ఒక్కసారైనా చెప్పి ఉండొచ్చు కదా అని ఆవిడ మీద కాస్త కోపం కూడా వచ్చింది. చూశారా నా బుద్ధి!

శుక్రవారం

గోడ బాగుంది. మంచు ఇంకా జరిగి వస్తూనే ఉంది. తోటలో బచ్చలి కోతలు ముగిసి మళ్ళీ నాట్లు పడ్డాయి. నేను తోట పని మానేశాను, పెద్దమనిషి పెళ్ళాం కలుపు తీస్తే బాగోదని చిట్టెమ్మ వదిన చెప్పింది.

రెండు మూడు శుక్రవారాలుగా నూకరత్నం తలంటుకి రావడం లేదు. అంతకు ముందు వచ్చినప్పుడల్లా చిట్టెమ్మ వదిన గుమ్మంలోనే "ఎవరు కావాలమ్మా?" అని అడిగేది. ఇప్పుడు పని మీద ఉన్నానని నూకరత్నమే కబురు పంపింది. పాపం, నీళ్ళకి ఇబ్బంది పడుతోందేమో అనిపించింది.

అందుకని ఇవాళ ఒక మంచి పని చేశాను. ఇంట్లో ఉన్నవాటిలోకల్లా పెద్ద డబ్బా తీసి, కొత్త నీళ్ళు నిండా పోసి, ఒలికిపోకుండా మూతికి నా చేతులతోనే తాడు కట్టాను. ఎర్ర తాడు, అందంగా ఉంటుందని. ఎదురు గూడే అయినా బరువని పంచాయతీ బండి మీద పంపించి నూకరత్నం గుమ్మంలో పెట్టించాను. ఇంత నీరు ఒకేసారి చూసి ఆవిడ మొహం ఎలా వెలిగిపోతుందో తలుచుకుంటూ చాలాసేపు కూర్చున్నాను.

శనివారం

గోడ బాగుంది. ఇక ఏదీ బాగోలేదు.

పొద్దున్న నూకరత్నం వచ్చింది. ఉతికిన చీర కట్టుకుంది. ఖాళీ డబ్బా కడిగి తెచ్చింది. తాడు మడిచి అందులో పెట్టింది. గుమ్మం అవతలే నిలబడి నమస్కారం పెట్టింది.

"నీళ్ళు ముట్టాయండి" అంది.

నేను నవ్వబోయాను. డబ్బా. తాడు. గుమ్మం. అయ్యో, నా తల మీద నిప్పులు పడ! మామిడిసందు వాళ్ళ కబురు విని నవ్వుకున్న దాన్ని, నా చేతులతో నేనే విడినీళ్ళు కట్టి పంపించాను. పైగా ఎర్ర తాడు.

"నూకాలూ, కాదే! నాకు ఆ ఆలోచనే లేదే! నువ్వు ఇబ్బంది పడతన్నావని..."

"పర్లేదండి. పెద్దోళ్ళయ్యేరు, మీకు ఎన్నో పనులుంటాయి. మాకూ తెలుసు కదండి" అంది.

"మీరేంటే? నన్ను మీరంటావేంటే?"

"అయ్యో, మర్యాద కదండి. ఆయ్, వస్తానండి."

తలుపు వేసుకుని వెళ్ళిపోయింది. నా మీద ఉమ్మేసినా ఇంత బాధ పడకపోదును. ఈ అండీలన్నీ వినలేక చెవులు మూసుకున్నాను.

ఇంట్లోకి వెళ్ళి మా ఆయనకి చెబితే తొట్టిలోంచి తల కూడా ఎత్తలేదు. "మంచి నీళ్ళే కదా పంపించేవు. ఇంత పెద్ద డబ్బా ఎవరిస్తారు?" అన్నాడు. ఈ మనిషి కూడా కొత్తలంకలోనే పుట్టాడు. నీళ్ళు ఎక్కువైతే బుర్ర పలచబడుతుందని మా ఇద్దర్నీ చూసి ఎవరైనా చెప్పొచ్చు.

గురువారం

గోడ బాగుంది. ఇవాళ ఒక పరీక్ష పెట్టాను.

ప్రెసిడెంటుగారికీ, ఆయన భార్యకీ, ఇంకొందరు పెద్దమనుషులకీ ఇంట్లో భోజనం. పులుసులో కావాలనే దోసెడు ఉప్పు పోశాను. నాలిక మీద వేసుకుంటే నాకే కళ్ళల్లోంచి నీళ్ళు కారాయి. వడ్డించి ఎదురుగా నిలబడ్డాను. ఒక్కరైనా, ఒక్కరంటే ఒక్కరైనా, ఇదేం పులుసు అంటారేమో చూద్దామని.

ప్రెసిడెంటుగారు ఒక ముద్ద తిని కాసేపు కదలకుండా కూర్చున్నారు. చెంపలు అదిరాయి. "ఆహా" అన్నారు. "చాలా... చాలా గట్టి రుచండీ."

"ఇంత నిండైన రుచి మా ఇంట్లో ఎప్పుడూ కుదరదండీ. ఎలా చేశారో చెప్పాలి" అంది ఆయన భార్య, ముక్కు తుడుచుకుంటూ.

చిట్టెమ్మ వదిన రెండోసారి పోయించుకుంది. మా ఆయనైతే పళ్ళెం నాకి "మా భ్రమరాంబ చెయ్యే వేరండీ" అన్నాడు. అదీ నాకు దెబ్బ. వాళ్ళు అబద్ధం ఆడారు, సరే. మా ఆయన మాత్రం నిజంగానే బాగుందనుకున్నాడు. పొద్దస్తమానం పొగడ్తలు మింగీ మింగీ ఆయన నాలిక చచ్చిపోయింది.

వాళ్ళంతా వెళ్ళాక ఒక గిన్నెలో ఆ పులుసే పోసుకుని ఎదురు గూటికి వెళ్ళాను. నూకరత్నం సూటు భుజానికి కుట్టు వేస్తోంది. ఏమీ చెప్పకుండా గిన్నె ముందు పెట్టాను. తిట్టవే, ఒక్కసారి తిట్టవే అని లోపలే బతిమాలుకున్నాను.

వేలితో తీసి నాలిక మీద వేసుకుంది. కళ్ళు ఒక్కసారి మూసింది. మళ్ళీ తెరిచి నా వైపు చూసింది.

"బాగుందండి" అంది.

ఇంటికొచ్చి ఈ గోడచెవి దగ్గరే కూలబడ్డాను. చెప్పడానికి సిగ్గేమీ లేదు, నా కళ్ళు చెమ్మగిల్లాయి. ఆవిడ లేకుండా ఈ నీళ్ళేం చేసుకోను?

శుక్రవారం

ప్రెషర్ ఆఫీసు వారికి ఒక మనవి. నిన్న నేనన్న ఆ మాట కళ్ళ గురించి. గోడ గురించి కాదు. మీ మనుషులు సూట్లు తొడుక్కుని, టేపు చుట్టలు మెళ్ళో వేసుకుని తలుపు విరగ్గొట్టుకుని వచ్చి, "ఎక్కడమ్మా, ఎక్కడమ్మా" అంటూ ఇల్లంతా తడిమారు. నా కళ్ళు చూపిస్తే వాళ్ళలో పెద్దాయన కాసేపు నా మొహం చూసి, టేపు ముక్క చింపి నా చేతిలో పెట్టి వెళ్ళాడు. మీ ఆఫీసులో మనుషులు కూడా ఉన్నారని నాకు ఇప్పుడే తెలిసింది.

గోడ బాగుంది.

సోమవారం

గోడ బాగుంది. మా ఆయనకో ఉపాయం తట్టింది. ఆయనకి ఉపాయం తట్టినప్పుడల్లా నాకు భయం.

"నూకరత్నం కోసం ఇంత బెంగెందుకే? జీతమిచ్చి పెట్టుకుందాం. వారానికోసారి వచ్చి నీకు తలంటి పోస్తాది. దానికీ నాలుగు రాళ్ళొస్తాయి" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే చిట్టెమ్మ వదిన్ని ఎదురు గూటికి పంపించేశాడు.

వదిన తిరిగొచ్చి మూతి ముడుచుకుంది. "పొగరు! ‘అబ్బులుగారికి నా నమస్కారాలు చెప్పండి, శుక్రవారాలు నాకు తీరిక లేదండి, దమయంతితో జత కట్టేను’ అంది."

దమయంతి అంటే బడిలో లెక్కలు చెప్పే టీచరు. చిన్నది, జుట్టు కూడా పెద్దగా లేదు. ఆ పిడికెడు జుట్టుకి నా నూకాలు జత!

నాకు పిచ్చి కోపం వచ్చింది. "ఎవరు పంపమన్నారండీ మిమ్మల్ని? అది నాకు తల రుద్దే పనిమనిషా? మీ నాన్న ఫోటో కోసం గోడకి బెజ్జం పెట్టి నా కాపురం ముంచేశారు కదండీ! ఆ ఫోటో ఎక్కడుందో తెలుసా మీకసలు?"

మా ఆయన చుట్టూ చూశాడు. ఫోటో తొట్టి కింద ఉంది, తొట్టి ఊగకుండా ఎత్తు పెట్టారు. మామగారు ఇప్పుడు నిజంగానే నీళ్ళల్లో ఉన్నారు.

ఇంట్లో తలంటు నేను మానేశాను. ఒంటరిగా కొత్త నీళ్ళు పోసుకోవాలంటే నాకు ఒళ్ళు కంపరంగా ఉంది.

శుక్రవారం

గోడ బాగుంది. గాలి బాగుంది.

నా తల మాత్రం ఘోరంగా ఉంది. వారాల తరబడి నీళ్ళు తగలక అట్టలు కట్టేసింది. ఇంటికొచ్చే పెద్దమనుషులు దీన్ని కూడా కొత్త పద్ధతి అనుకుని "సహజంగా ఉందండీ" అంటున్నారు.

ఇవాళ పొద్దున్న ఖాళీ బకెట్టు పట్టుకుని ఎదురు గూటి తలుపు కొట్టాను. లోపల తలంటు మొదలైంది. దమయంతి తల తుడుచుకుంటోంది. నూకరత్నం వడకట్టిన నీళ్ళు ముందు పెట్టుకుని కూర్చుంది.

"ఏం కావాలండి?" అంది.

"నీళ్ళు."

దమయంతి నోరు వెళ్ళబెట్టింది. నూకరత్నం మాత్రం కదల్లేదు. "మీ ఇంట్లో ఊరికి సరిపడా ఉన్నాయి కదండి."

"ఉన్నాయి. అవి నాకొద్దు."

"మా దగ్గర కొత్తవి లేవండి. ఇవి దమయంతి పోసుకున్నవి. ఇవి నేను పోసుకోవాలి."

"నువ్వు పోసుకో. తర్వాత నాకియ్యి."

"మూడో నీళ్ళా?" అంది నూకరత్నం. మూడో నీళ్ళు మా ఊళ్ళో ఎవరూ పోసుకోరు. తోటలో మొక్కలకి పోసేముందు కూడా ఇంకోసారి వడకడతారు. "మూడో నీళ్ళు పెద్దోళ్ళు పోసుకోకూడదండి."

"నూకాలూ," అన్నాను, "నేను తప్పు చేసేనే. తెలిసి చేసింది కాదు. కానీ తెలియకపోవడమే పెద్ద తప్పు. మనిద్దరం ఎన్నేళ్ళు ఒకే బకెట్టు పోసుకున్నామే! తాడు కట్టినప్పుడు నా చేతులకైనా గుర్తు రాలేదు. నన్ను తిట్టు, కొట్టు, ఏమైనా చెయ్యి. అండీ అని మాత్రం అనకే. చచ్చిపోతన్నాను."

నూకరత్నం ఆ నీళ్ళు పక్కకి జరిపింది. లేచి వచ్చి నా ముడి విప్పింది. జుట్టు విడిపోలేదు, ముద్దలా అలాగే ఉండిపోయింది. దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని ఎత్తి చూసింది. ఆవిడ ముక్కు ముడుచుకోవడం చూశాను. పెదాలు బిగబట్టుకుంది. ఇంక బిగబట్టుకోలేకపోయింది.

"ఛీ! ఇదేం తలే? ఇల్లంతా నీళ్ళెట్టుకుని ఈ కంపేంటే? సిగ్గులేదటే నీకు?"

తలే. కంపేంటే. నీకు. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను.

"ఎదవ ఏడుపులు ఏడవకు. మూడోదానివి, ఆ మూల కూర్చో. నా వంతయ్యేదాకా నోరెత్తేవంటే బయటికి తోసేస్తాను" అంది నూకరత్నం.

కూర్చున్నాను. ఆవిడ పోసుకుంది. తర్వాత ఆ నీళ్ళు వడకట్టి, తనే నా నెత్తిన పోసి, కుంకుడు పొడి వేసి, పగ తీర్చుకున్నట్టు రుద్దింది. నీళ్ళు నల్లగా, చల్లగా, దారం ముక్కలతో సుద్దముక్క పొడితో నిండి ఉన్నాయి. కళ్ళల్లో పడి మంట పుట్టించాయి. ఇంత హాయిగా తలంటు పోసుకుని ఎన్నాళ్ళయిందో!

బుధవారం

గోడ బాగుంది. ఊరికి పిచ్చి పట్టింది.

నేను మూడో నీళ్ళు పోసుకున్నానని దమయంతి బళ్ళో చెప్పిందట. ఇవాళ ప్రెసిడెంటుగారి భార్య తలకి నల్ల నీళ్ళు పట్టించుకుని తిరుగుతోంది. మూడో నీళ్ళల్లో ఒక శక్తి ఉందట, జుట్టు ఒత్తుగా వస్తుందట, పెద్ద ఇళ్ళల్లో అంతా ఇప్పుడు అదేనట. ప్రెసిడెంటుగారు మూడో నీళ్ళ మహిమ మీద ఉపన్యాసం ఇచ్చారు. మా ఆయన తొట్టిలో కొత్త నీళ్ళు పోయించి, చిట్టెమ్మ వదినతో ముందు స్నానం చేయించి, ఆ నీళ్ళల్లో తను దిగుతున్నాడు. నేను రానన్నాను, మూడో నీళ్ళకి ఇంట్లో ఇంకో మనిషి లేదని బాధపడుతున్నాడు.

శుక్రవారం

గోడ బాగుంది. తలుపు బాగుంది. గాలి బాగుంది. తల కొంచెం దురద పెడుతోంది.

పొద్దున్న నా బకెట్టు పట్టుకుని వెళ్ళేసరికి నూకరత్నం గుమ్మంలో గుంపు. ప్రెసిడెంటుగారి భార్య వెండి చెంబుతో నిలబడింది. చిట్టెమ్మ వదిన డబ్బాతో ఉంది. నాలుగో నీళ్ళు దొరుకుతాయా, అయిదో నీళ్ళయినా పర్వాలేదా అని ఒకరి మీద ఒకరు పడుతున్నారు. ఈ తలుపు మొహం ఇన్నేళ్ళలో తమంతట తాము ఒక్కసారైనా చూడని వాళ్ళే అందరూ.

నూకరత్నం తలుపు తీసింది. అందర్నీ ఒకసారి చూసి, వాళ్ళ మధ్యలోంచి నన్ను జబ్బ పట్టుకుని లోపలికి లాగి, ధడాలున తలుపు వేసేసింది.

"నీ మూలంగా నా గుమ్మం సంత అయిపోయిందే, దరిద్రపుదానా" అంది.

"ఈవారం నా వంతు ఎన్నోది?" అన్నాను భయపడుతూ.

"మూడోదే. నీకింకా శిక్ష తీరలేదు. ముందు దమయంతి, తర్వాత నేను." చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని పీట వేసుకుంది. తల వంచుకుని జుట్టు విప్పుకుంటూ, నా వైపు చూడకుండానే అంది: "ఆ రోజు నువ్వు తెచ్చిన పులుసు ఉంది చూడు."

"ఊఁ."

"నాలిక కాలిపోయింది. మూడు పూటలు అన్నం సయించలేదు. అదేం పులుసే, ఉప్పు మూట విప్పి నీళ్ళల్లో వేసేవా? తోటలో పారబోసేను. బచ్చలి పాదు చచ్చింది. ఇంకోసారి అలాంటిది నా గుమ్మం తొక్కించేవంటే గిన్నె నీ నెత్తిన బోర్లిస్తాను."

ప్రెషర్ ఆఫీసు వారికి, తర్వాత నా కళ్ళ సంగతి ఏమైందో ఇక్కడ చెప్పను. చెబితే మీవాళ్ళు మళ్ళీ టేపు పట్టుకుని వస్తారు.